ఎఫీ పెద్దమ్మ ఏ నెలలో రావాలి?

మా మెర్వ్ మావయ్య చెప్పేదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగంలో మళ్ళీ సగం తీసేసినా, ఆ మిగిలింది కూడా కోతే. ఈ సంగతి ఆస్ట్రేలియాకి తూర్పున సముద్రం మధ్యనున్న మా లార్డ్ హౌ దీవిలో మూడొందల యాభైమందికీ తెలుసు. తెలిసి కూడా ఆయన మా వసారా మెట్లెక్కితే ఎవరమూ లేచి వెళ్ళం. పైగా కుర్చీ జరుపుతాం. డెబ్భై మూడేళ్ళ మనిషి, పడవ మీద ఎండకి మాడి చింతపండు రంగుకొచ్చాడు, నోరు మాత్రం ఇంకా ముదరలేదు.

ఆ రోజు శుక్రవారం, జనవరి నెల, మా వైపు నడి ఎండాకాలం. పొద్దున్నే ఆస్ట్రేలియా అటు చివర, పెర్త్ అవతల గోధుమ పొలాల్లోంచి ఎఫీ పెద్దమ్మ ఫోన్ చేసింది. మా అమ్మకి అక్క, మెర్వ్ మావయ్యకీ అక్కే. గోధుమ రైతుని చేసుకుని దీవి వదిలి వెళ్ళి యాభై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో మమ్మల్ని చూడ్డానికి వచ్చింది మూడే మూడుసార్లు, మూడుసార్లూ ఫిబ్రవరిలోనే. నవంబరు, డిసెంబర్లలో వాళ్ళకి కోతలు. మార్చి దాటితే దుక్కులు, విత్తనాలు. చలికాలమంతా గొర్రెల ఈనికలు, ఆ తర్వాత ఉన్ని కత్తిరించడం. మధ్యలో ఊపిరి పీల్చుకునేది ఆ ఒక్క నెలే. నిరుడు పెదనాన్న పోయాడు, పొలం కౌలుకిచ్చేశారు. పెద్దమ్మకి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి పన్నెండు నెలలూ ఖాళీ అయ్యాయి. అయితే మోకాళ్ళు ఆ ఖాళీ కోసం ఆగలేదు, పూర్తిగా అరిగిపోయాయి.

"ఇంకొక్కసారే రాగలనే బెరిల్, ఇదే ఆఖరు. ఏ నెలలో రమ్మంటారో మీరంతా కూచుని తేల్చండి. సాయంత్రం ఆరింటికి మళ్ళీ చేస్తా. మా అమ్మాయి ఇవాళే టికెట్లు తీసేస్తానంటోంది" అంది పెద్దమ్మ.

తేల్చడానికే కూచున్నాం. మా గెస్ట్ హౌస్‌లో దిగిన జనమంతా ఈతకి పోయారు. మా ఆయన పొద్దున పట్టుకొచ్చిన కింగ్ ఫిష్‌ని డల్సీ అత్త వసారా చివర పొయ్యి దగ్గర నిలబడి బ్రెడ్డు పొడిలో దొర్లించి మూకుట్లో వేస్తోంది. పేరుకి అత్త గానీ చుట్టరికమేం లేదు, ఎఫీ పెద్దమ్మతో బళ్ళో ఒకే బెంచీ మీద కూచున్న మనిషి. మెట్ల మీద ఫెర్గస్ ఉన్నాడు. వాతావరణ ఆఫీసుకి బదిలీ మీద వచ్చి మూడు నెలలయింది, ఆకాశంలోంచి ఏం పడ్డా గ్లాసులో పట్టి కొలవనిదే ఆయనకి అన్నం సయించదు.

"అక్టోబరు బాగుంటుందేమో. గాలి తగ్గుతుంది, పువ్వులుంటాయి, నాకు గదులూ ఖాళీ ఉంటాయి" అన్నాన్నేను.

"లెక్క ప్రకారమైతే ఫిబ్రవరే. వాన తక్కువ, నీళ్ళు వెచ్చన" అన్నాడు ఫెర్గస్.

"అదీ మాట! లెక్కలు తెలిసినవాడంటే ఇలా ఉండాలి. ఫిబ్రవరే. వచ్చే నెలే రమ్మను. మోకాళ్ళకి వెచ్చదనం కావాలి, పగడాల గట్టు లోపలి మడుగు నీళ్ళలో కూచోబెడితే సగం నొప్పి అక్కడే కరిగిపోతుంది. ఇంక దీనిమీద చర్చ లేదు" అని మెర్వ్ మావయ్య చెయ్యి కుర్చీ మీద చరిచాడు.

ఫిబ్రవరిలో నాకు మిగిలింది వెనకాల బట్టలుతికే గది పక్కనున్న చిన్న గది ఒక్కటే. ఆఖరిసారి వచ్చే పెద్దమ్మని అందులో పెట్టడానికి మనసు రాలేదు. పైగా ఆ నెలంతా నాకు పక్కలు వెయ్యడం, పక్కలు తియ్యడం. ఆవిడ దగ్గర పది నిమిషాలు కూచునే తీరిక ఉండదు.

"మరి జూన్, జూలై?" అని నీళ్ళు నమిలాను.

"చలీ, వానా. ఎందుకా నెలలు?" అని మావయ్య కొట్టిపారేశాడు.

ఫెర్గస్ తల ఊపాడు. "ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ వాన జూన్‌లోనే. మీరంతా గెస్ట్ హౌస్‌లు కూడా మూసేసి రంగులేసుకుంటారట కదా. అసలు జూన్‌లో ఇక్కడ ఏముందని ఎవరైనా వస్తారు?"

ఆయన అడిగింది మామూలుగానే. కానీ మెర్వ్ మావయ్యకి అది ఈగలా చెవిలో దూరింది. గ్లాసు కింద పెట్టాడు.

"ఏముందనా? ఇదిగో నాయనా, నువ్వొచ్చి మూడు నెలలయింది, నీ సైకిలుకి ఇంకా తుప్పయినా పట్టలేదు, నువ్వు జూన్‌ని అంటావా? నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను, కావలిస్తే ఈ డల్సీ అక్కని అడుగు..."

"నన్ను అడక్కండి" అంది డల్సీ అత్త, మూకుడు మీంచి తలెత్తకుండా.

"...ఒకే ఒక్క పిట్ట సంగతి చెప్తా. ఒక్కటంటే ఒక్కటే. అప్పటికి నాకు పదహారేళ్ళు. జూన్ నెల. ఆ రోజుల్లో జూన్ అంటే దీవి మనదే. అతిథుల్లేరు, ట్రేలు మొయ్యడం లేదు, దుప్పట్లు ఉతకడం లేదు. ఇల్లిల్లూ తిరిగి టీ తాగడం, చుట్టాలని తిట్టుకోవడం, పడవలకి తారు పూసుకోవడం. మా అమ్మ చలికాలంలోనే నవ్వేదయ్యా, మిగతా పది నెలలూ ఆవిడకి తీరికేదీ? ఆ చలి ఇప్పుడు లేదు, ఆ చలికి వాసన ఉండేది... సరే, ఎక్కడున్నాను? ఆ, కొండ! మేం గోవర్ కొండెక్కాం. చలికాలంలో పైన పిట్టలుంటాయి. ఏడాదంతా సముద్రం మీద తిరిగే పిట్టలే, గూళ్ళు మాత్రం మన కొండల మీద పెడతాయి, ఎండలు ముదిరేసరికి ఒక్కటీ మిగలదు. వాటికి మనిషంటే భయం లేదు, ఆరా ఎక్కువ. చేతులు నోటి దగ్గర పెట్టుకుని 'హూ... ఊఊ...' అని కేకేశావనుకో, ఎవడ్రా అది అని చూడ్డానికి ఆకాశంలోంచి దబ్బున నీ కాళ్ళ దగ్గర పడతాయి."

"నిజంగానా?" అని ఫెర్గస్ డల్సీ అత్త వైపు చూశాడు.

"ఇంతవరకూ నిజమే. ఇక్కణ్ణించి చెవులు మూసుకో" అంది డల్సీ అత్త.

"నేను కేకేశా. ఒకటొచ్చింది. వచ్చి నా బూటు మీద కూచుని, లేసు పట్టుకు లాగింది. నేనేమన్నా గొప్ప చెప్పానా? బూటు, లేసు, పిట్ట. అంతే. అక్కడితో ఊరుకోవచ్చు, కానీ గొంతులో ఇంకా ఊపిరి మిగిలిపోయింది, దాన్నేం చేసుకోను, రెండో కేకేశా. ఏడొచ్చాయి. మూడో కేకేశా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"పధ్నాలుగొచ్చుంటాయి" అన్నాడు ఫెర్గస్.

"నాలుగొందలా పన్నెండు!"

"ఎవరు లెక్కపెట్టారు?"

"నేనే. అన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి కూచున్నాయి, తలలు అందలేదు, కాళ్ళు లెక్కపెట్టి సగం చేశా. ఒకటి ఒంటికాలి మీద నిద్రపోతోంది, అక్కడ కొంచెం తేడా వచ్చుండొచ్చు, నేను ఒప్పుకుంటా. అబద్ధమాడే మనిషినైతే తేడా రాలేదనేవాణ్ణి. చెట్లకి ఆకులు కనపడలా. డల్సీ అక్క జడలో రెండు చిక్కుకున్నాయి."

"నాకు జడెప్పుడుందిరా? పదో ఏటే కత్తిరించేశారు."

"ఆ రోజు సాయంత్రానికి ఉంది, పిట్టలు అల్లాయి. ఇంకొకటి తిన్నగా వచ్చి నా టోపీలో దిగి, ఒక్కసారి అటూ ఇటూ సర్దుకుని గుడ్డు పెట్టేసింది. పెట్టి, తల కదిపావో చూడు అన్నట్టు ముక్కుతో నా నుదుటి మీద ఒక్కటిచ్చింది. ఇంకేం చేస్తాం, తల్లి మనసు. ఆ టోపీ ఆగస్టు దాకా తియ్యలా."

"స్నానమో?" అన్నాడు ఫెర్గస్.

"మెడ వరకూ. గుళ్ళో టోపీ తీయమని పాస్టరుగారు గొడవ చేశాడు. పైకి చూసి, లోపల్నించి కిచకిచ వినపడేసరికి ఆయనే వచ్చి నా పక్కన గొడుగు పట్టుకు నిలబడ్డాడు."

నేను నవ్వాపుకోలేక నెత్తి కొట్టుకున్నాను. చిన్నప్పటినించీ విన్న కథే, టోపీలో పిట్ట దగ్గర నవ్వని పిల్ల మా దీవిలో లేదు. ఏటా కొంచెం పెరుగుతుంది. నా చిన్నప్పుడు పిట్టలు అరవైయే ఉండేవి.

"నవ్వకమ్మాయ్, అసలు సంగతి ఇప్పుడొస్తోంది. మేం పైనున్నాం కదా, ఇంతలో కిందంతా మబ్బు కమ్మేసింది. మడుగు లేదు, ఒడ్డు లేదు, మొత్తం పాలు పోసినట్టు. ఆ మబ్బుమీద విమానం మోత. ఆ రోజుల్లో విమానమంటే నీళ్ళమీద దిగే విమానం, నీకు తెలీదు ఫెర్గస్, సిడ్నీలో నీళ్ళమీంచి లేచి మన మడుగులో నీళ్ళమీద దిగేది, అదీ పోటు మీదుండగా వస్తేనే. ఆటు మొదలయిందంటే పగడాల గట్టు కడుపులో దిగబడుతుంది. నెలకి రెండుసార్లొచ్చేది చలికాలంలో. అందులోనే ఉత్తరాలు, అందులోనే పిండి. కిందేమో మా నాన్న పడవలో నిలబడి ఆటు తీస్తోందని అరుస్తున్నాడు, పైనేమో పైలట్ దారి తెలీక గుండ్రంగా తిరుగుతున్నాడు, పెట్రోలు అయిపోవచ్చింది..."

"అది మీకెలా తెలిసింది?"

"మోత వింటే తెలీదూ? గొంతెండిపోయిన మోత. నేనాలోచించా. పిట్టకి రెక్కలున్నాయి. దానికీ రెక్కలున్నాయి. వేశా ఒక కేక! నాలుగు ఇంజన్లూ ఒక్కసారి ఆగి విన్నాయి. గాల్లోనే! ఇంకొక కేకేశా. ముక్కు నావైపు తిప్పింది. అప్పుడు నా నాలుగొందల పన్నెండు పిట్టలకీ చెప్పా, పదండర్రా, చూస్తారేం అని. రెండు వరసలు కట్టి మబ్బులోకి దూకాయి, మధ్యలో బాట వేశాయి, ఆ బాట మీద విమానం పెళ్ళికూతురిలా తలవంచుకుని దిగుతోంది, లోపల టీ తాగుతున్నవాళ్ళ కప్పుల్లో తొణకలేదు, దిగుతూండగా చూద్దును గదా, మడుగులో మోకాలి లోతే నీళ్ళు!"

"అయ్యో!" అన్నాడు ఫెర్గస్. లెక్కలు మర్చిపోయి మెట్ల అంచుకి జరిగాడు.

"అయ్యో అని కూచునే మనిషినా? సముద్రాన్ని కేకేశా. ఎక్కడికే వెళ్తున్నావ్, ఇలా రా అన్నా. వచ్చింది. మళ్ళీ నిండు పోటు! న్యూజిలాండ్ ఒడ్డున ఆ పూట పడవలన్నీ బురదలో కూలబడ్డాయి, మా నీళ్ళు మాకు పంపించండని వాళ్ళు ఉత్తరం కూడా రాశారు."

"అంతా చెప్పావు గానీ, ఆ విమానంలోంచి ఎవరు దిగారో కూడా చెప్పరా మెర్వ్" అంది డల్సీ అత్త. చేపముక్క తిరగేసింది.

మావయ్య కొంచెం తడబడ్డాడు. "ఎవరు దిగుతారు... పోస్టు సంచులు. పిండి బస్తాలు, ఎనిమిది."

"మనుషులో?"

"ఉంటాడొకడు. ఎవడో గోధుమ రైతు. కాలంగాని కాలంలో, చేతిలో చిన్న పెట్టె పట్టుకుని."

"ఓ, మీ బావగారా?" అని ఫెర్గస్ సంతోషపడ్డాడు.

"అప్పటికి బావ కాడు."

"అయితే మీ అక్కని దీవి దాటించినవాణ్ణి కేకేసి మరీ దింపింది నువ్వేనన్నమాట" అంది డల్సీ అత్త.

నేనది ఎన్నడూ ఆలోచించలేదు. మెర్వ్ మావయ్య గ్లాసెత్తి చాలాసేపు తాగాడు, గ్లాసులో అంత లేదు. తర్వాత మూతి తుడుచుకుని గొంతు ఇంకాస్త పెంచాడు. ఆయన దారి అంతే, కాలు జారితే ఇంకో మెట్టు పైకెక్కుతాడు.

"అది సరేగానీ, అన్నిటికంటే పెద్దది వదిలేశా. ఫెర్గస్, కొలతలవాడివి కదా, గోవర్ కొండ ఎంతెత్తు?"

"ఎనిమిదొందల డెబ్భై అయిదు మీటర్లు."

"ఆ జూన్‌కి ముందు తొమ్మిదొందలు! నా కేక సరిగ్గా వినపడలేదని కొండే వంగింది నాయనా, వంగి చెవి పెట్టింది. మళ్ళీ లేవబోతే నడుం పట్టేసింది. అప్పట్నించీ పాతిక మీటర్లు తక్కువ. వయసు మీదపడ్డ కొండ కదా, నేనూ ఏమీ అనలేకపోయా. పటాలు గీసేవాళ్ళొచ్చి కొలతలు మార్చుకు పోయారు. ఇదీ జూన్ అంటే! ఏముందని అడిగావుగా, ఇదుంది. ఈ భూమ్మీద జూన్‌లో లార్డ్ హౌ చూడనివాడు పుట్టీ ఒకటే, పుట్టకపోయినా ఒకటే!"

మేం చప్పట్లు కొట్టాం. కొండ నడుం పట్టెయ్యడం ఈ ఏడాది కొత్తది. ఫెర్గస్ కూడా కొట్టాడు, కొడుతూ కొడుతూ ఆగి మొహం చిట్లించాడు. ఎగతాళికి కాదు, లెక్క కుదరనప్పుడు ఆయన అలాగే పెడతాడు.

"మెర్వ్ గారూ, నాకొకటి అర్థం కాలేదు. జూన్ ఇంత గొప్పదైతే, ఇంకొక్కసారే రాగలిగిన మీ అక్కగారిని ఫిబ్రవరిలో ఎందుకు రమ్మంటున్నారు? ఫిబ్రవరిలో ఒక్క పిట్ట కూడా ఉండదని మీరే అన్నారుగా."

చప్పట్లు ఆగిపోయాయి. మెర్వ్ మావయ్య ఫెర్గస్‌కేసి చూశాడు, నాకేసి చూశాడు, ఆఖరికి డల్సీ అత్తకేసి చూశాడు. వద్దన్నట్టు చూశాడు.

డల్సీ అత్త పొయ్యి తగ్గించి చేతులు తుడుచుకుంది.

"ఆ రోజు కొండ మీద నలుగురం ఉన్నాం. నేనూ, మా అన్నా, ఎఫీ, వీడూ. కేకేసింది ఎఫీ. వీడూ వేశాడు, కాదన్ను, అప్పుడే గొంతు మారుతోంది, తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. దగ్గరున్నవి కూడా ఎగిరిపోయాయి. ఎఫీ వేసిందీ... నాలుగొందలు కాదు. కానీ కింద కూచోడానికి చోటు లేక మేం లేచి నిలబడ్డాం. ఒకటి ఎఫీ టోపీలో దిగింది. గుడ్డూ లేదు, గాడిద గుడ్డూ లేదు, ఊరికే కూచుంది. ఎఫీ ఏడుస్తూ నవ్వింది. పాతవాళ్ళందరికీ తెలుసు. వీడు తన పేరు పెట్టుకుని తిరుగుతుంటే పోనీలే అనుకున్నాం."

"మా అమ్మకి తెలుసా?" అన్నాన్నేను.

"దానికెందుకు తెలీదు?"

నాకు ఒళ్ళు మండింది. నలభై ఏళ్ళు ఈ కథకి నవ్వాను, నా పిల్లలకి చెప్పి నిద్రపుచ్చాను, ఎఫీ పెద్దమ్మ పేరు అందులో ఒక్కసారీ రాలేదు. "సిగ్గు లేదూ మావయ్యా! ఆవిడది నీదని చెప్పుకోడమేకాక, ఆవిడ జూన్‌లో వస్తే బయటపడుతుందని ఎండల్లో రమ్మంటావా? ఎవరూ చూడకుండా వచ్చి ఎవరూ చూడకుండా పొమ్మనా?"

మావయ్య తన చేతులకేసి చూసుకుంటూ కూచున్నాడు. మాట్లాడినప్పుడు అది ఆయన గొంతులా లేదు, ఎక్కడా సాగలేదు.

"ఆమె వెళ్ళిన మరుసటేడు జూన్‌లో ఒక్కణ్ణే ఎక్కాను. గొంతు అప్పటికి కుదురుకుంది. సాయంత్రం దాకా అరిచాను బెరిల్. నెత్తిమీద తిరిగాయి, చూశాయి, ఒక్కటీ దిగలేదు. కిందికొచ్చేసరికి మీ తాత అడిగాడు, ఎన్నొచ్చాయిరా అని. బోలెడొచ్చాయన్నాను. ఆయన సంబరపడ్డాడు. అంతే, అలా మొదలయింది. ఎఫీ పేరుతో చెప్పబోతే ఏడుపొచ్చేది. నా పేరుతో చెప్తే నవ్వొచ్చేది. నవ్వొచ్చేదే చెప్పుకుంటూ పోయాను."

ఫెర్గస్ తను అడక్కుండా ఉండాల్సిందన్నట్టు తల దించుకున్నాడు.

"బయటపడితే పడనీ, మీరంతా నన్నెప్పుడు నమ్మారు గనక" అన్నాడు మావయ్య. "దానికి కాదు. ఆమె ఊరుకుంటుందా? కొండెక్కలేకపోయినా కొండ కింద ఒడ్డుకి తీసుకుపొమ్మంటుంది. అక్కడికీ దిగుతాయి పిట్టలు. నిలబడి కేకేస్తుంది. డెబ్భై ఏడేళ్ళ గొంతుతో. ఒక్కటీ రాకపోతే? నాకంటే అలవాటే. ఆమెకి అలవాటు లేదు."

నాకు వచ్చిన కోపం ఎటు పోయిందో పోయింది. గడియారం చూశాను, ఆరుకి ఏడు నిమిషాలు తక్కువ.

డల్సీ అత్త మాత్రం కరగలేదు. "రాకపోతే రావు. ఇద్దరూ చలిలో కూచుని ఫ్లాస్కులో టీ తాగి ఇంటికొస్తారు. ఏమవుతుంది? అరవై ఏళ్ళు గొర్రెల మధ్య ఉండొచ్చింది, అది నీ అంత పిరికిదనుకున్నావా? ఏ నెలలో రమ్మంటారని ఎందుకడిగిందో తెలుసా మీకు? జూన్‌లో ఏముంటుందో దానికి తెలీదూ? తలుపులు మూసుకుని రంగులేసుకునే నెల, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని నోరు తెరిచి అడగలేక, మీరే అంటారేమోనని చూస్తోంది."

అది విన్నాక నాకు తల కొట్టేసినట్టయింది. పొద్దున ఫోన్లో పెద్దమ్మ "ఏ నెలైనా సరేనే" అని రెండుసార్లంది, నేనేమో గదుల పట్టీ తిరగేస్తూ ఊఁ కొట్టాను. జూన్‌లో ముందు గది తెరవడానికి నాకేం కష్టం? పొయ్యి పెట్టుకోవచ్చు, తీరిగ్గా కూచోవచ్చు. రంగులు ఆగితే ఆగుతాయి.

"నేను జూన్ అనే చెప్తాను" అని లేచాను.

లోపల గోడకున్న ఫోన్ మోగింది. మా దీవిలో సెల్‌ఫోన్లు పలకవు, ఆ ఒక్క ఫోనే దిక్కు. నేను గుమ్మం దాకా వెళ్ళేసరికి మెర్వ్ మావయ్య నన్ను పక్కకి తోసుకుని వెళ్ళి అందుకున్నాడు. ఆ వయసులో అంత వడిగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కిటికీ తెరిచే ఉంది, వసారాలోకి అంతా వినపడుతోంది.

"అక్కా. నేను, మెర్వ్‌ని." ఆగాడు. "జూన్‌లో రా."

అవతల ఏమన్నదో మాకు వినపడలేదు.

"ఆ, చలే. వాన కూడా. అన్నిటికంటే ఎక్కువ వానంట, ఇక్కడొకాయన కొలిచి మరీ చెప్పాడు... మోకాళ్ళదేముంది, నా ట్రాలీలో పరుపు వేసి తీసుకుపోతా... గెస్ట్ హౌస్ మూస్తే మూసుకోనీ, నా ఇల్లు లేదూ?... అక్కా, పిట్టలుంటాయి."

ఈసారి చాలాసేపు విన్నాడు. ఫోన్ తీగని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడ్డాడు.

"అవే" అన్నాడు. "లేదక్కా. నాకెప్పుడూ రాలేదు. ఒక్కటి కూడా. అందరికీ వచ్చాయనే చెప్పాను. నీవి నావని చెప్పాను." మళ్ళీ విన్నాడు. "నవ్వకు. నవ్వితే ఇక్కడ డల్సీ కూడా మొదలెడుతుంది."

ఫోన్ పెట్టేసి వసారాలోకొచ్చాడు. కుర్చీలో కూచున్నాడు. మేం ముగ్గురం ఆయన్నే చూస్తున్నాం.

"వస్తోంది. జూన్ మొదటివారం" అన్నాడు. తర్వాత చూస్తూండగానే భుజాలు లేచాయి, ఛాతీ విచ్చుకుంది, పాత మెర్వ్ మావయ్య వచ్చి కూచున్నాడు. "చూశావా ఫెర్గస్? ఒక్క కేక! ఒక్కటే! నాలుగువేల కిలోమీటర్లు, మధ్యలో ఎడారి, ఎడారి తర్వాత సముద్రం. మారు మాట లేకుండా బయల్దేరింది. నా గొంతంటే ఏమనుకున్నావ్!"

డల్సీ అత్త వేడి చేపముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"యాభై ఆరేళ్ళలో నువ్వు దాన్ని రమ్మని పిలవడం ఇదే మొదటిసారిరా మెర్వ్. ముందే పిలిచుంటే ముందే వచ్చేది."

మావయ్య నోరు తెరిచాడు. పళ్ళెంలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకున్నాడు, పొగలు కక్కుతున్న ముక్క. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. చేప కాలుతోందని, నాలుక బొబ్బలెక్కిందని, అంతకుమించి ఏమీ లేదని మా అందరికీ పేరుపేరునా చెప్పాడు. ఆ ఒక్కటీ ఎవరమూ కాదనలేదు.